మూడు కాళ్ళ కుక్కకు మన ఇంట చోటుందా?



తెలుగులో "విశ్వాసం" అనే మాటను మనం రెండు చోట్ల వాడుతుంటాం. దేవాలయంలో నిలబడి విశ్వాస సంగ్రహం చెబుతాం. ఇంటికి వచ్చి గుమ్మంలో పడుకున్న కుక్కను చూసి "విశ్వాసం గల జంతువు" అంటాం. అదే నోటితో, కోపం వచ్చినప్పుడు "ఛీ, కుక్క బతుకు" అని కూడా అంటాం. ఒకే జంతువు మనకు పొగడ్తకూ పనికి వస్తుంది, తిట్టుకూ పనికి వస్తుంది. దీనినిబట్టి కుక్క విషయంలో మన మనసు ఇంకా ఒక నిర్ణయానికి రాలేదని తెలుస్తుంది.

ఈ వారం ఒక ప్రత్యేకమైన ప్రశ్నను అధ్యయనం చేద్దాం. రోడ్డు ప్రమాదంలో కాలు పోయిన కుక్క ఉంటుంది, జబ్బు వల్ల చూపు పోయిన కుక్క ఉంటుంది, మూర్ఛలు వచ్చే కుక్క ఉంటుంది. ఎవరో దానిని రక్షించి వైద్యం చేయించారు. మరెవరో తమ ఇంట తాత్కాలికంగా ఉంచుకొని సాకుతున్నారు. అటువంటి కుక్కను ఒక కతోలిక కుటుంబం తన ఇంటికి శాశ్వతంగా తెచ్చుకోవచ్చునా? తెచ్చుకొనేవారు ముందుగా ఏమి తెలుసుకోవాలి? "మనుషులకే దిక్కులేని రోజుల్లో కుక్కలకు సేవలేమిటి ఫాదర్?" అని అడిగేవారికి ఏమని జవాబు చెప్పాలి?

శ్రీసభ ఏమి బోధిస్తున్నది?

పవిత్ర గ్రంథంలో కుక్కకు గొప్ప స్థానం లేదు. అయినా రెండు చోట్లను మరువరాదు. తోబీతు గ్రంథంలో యువకుడైన తోబియా దూరప్రయాణానికి బయలుదేరినప్పుడు రఫాయేలు దేవదూతతో పాటు ఇంటి కుక్క కూడా వెంట నడిచింది. లూకా సువార్త 16వ అధ్యాయంలో ధనవంతుని వాకిట పడివున్న లాజరును మనుషులెవరూ పట్టించుకోలేదు. కుక్కలు వచ్చి అతని పుండ్లు నాకాయి. నిర్గమకాండం 23వ అధ్యాయం శత్రువు గాడిద బరువు కింద కూలబడినా వదిలి వెళ్ళవద్దని ఆజ్ఞాపిస్తుంది. నీతిమంతుడు తన పశువు బాగోగులు ఎరిగినవాడని సామెతల గ్రంథం 12వ అధ్యాయం చెబుతుంది.

1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2415 నుండి 2418 వరకు గల పేరాలలో ఈ విషయాన్ని వివరించింది. దాని సారాంశం నాలుగు మాటల్లో చెప్పుకోవచ్చు. మొదటిది, జంతువులు దేవుని సృష్టి. వాటి పట్ల మనం దయ చూపవలసి ఉన్నది. రెండవది, మన పనిలో, విశ్రాంతిలో తోడుగా వాటిని పెంచుకోవచ్చు. మూడవది, వాటిని అనవసరంగా బాధించడం, చంపడం మానవ గౌరవానికే తగని పని. నాలుగవది, మానవుల కష్టం తీర్చడానికి ముందుగా వెళ్ళవలసిన ధనాన్ని వాటిపై ఖర్చు చేయడం తగదు. వాటిని ప్రేమించవచ్చు గాని, మనుషులకు మాత్రమే చెందవలసిన అనురాగాన్ని వాటికి ఇవ్వరాదు. 2015లో ఫ్రాన్సిస్ జగద్గురువులు వెలువరించిన "లౌదాతో సీ" లేఖ కూడా ఏ జీవిపట్ల క్రూరత్వమైనా మానవ గౌరవానికి విరుద్ధమని గుర్తుచేసింది.

చాలామంది మూడవ మాట దగ్గర ఆగిపోతారు. కొందరు నాలుగవ మాట ఒక్కటే పట్టుకొని, జంతువుకు పిడికెడు అన్నం పెట్టినవారిని కూడా నిందిస్తారు. నాలుగూ కలిపి చదివినప్పుడే బోధన పూర్తవుతుంది.

పునీత మార్టిన్ దె పోరస్ (1579-1639) జీవితం చూడండి. పెరూ దేశపు లీమా నగరంలో డొమినికన్ సభ మఠంలో రోగులకు సేవ చేసిన సోదరుడు ఆయన. బానిసలనూ బిచ్చగాళ్ళనూ తన చేతులతో కడిగి కట్లు కట్టాడు. గాయపడిన కుక్కలకు, పిల్లులకు తన సోదరి ఇంటిలో చోటు ఏర్పాటు చేశాడు. నేడు మనం ఫోస్టర్ హోమ్ అంటున్న దానిని ఆమె ఇల్లు నాలుగు వందల ఏళ్ళ క్రితమే చేసి చూపింది. కుక్కకు కట్టు కట్టినందువల్ల ఆయన దగ్గర పేదవారికి ఏమీ తగ్గలేదు. 1962లో 23వ జాన్ జగద్గురువులు ఆయనకు పునీత పట్టం ఇచ్చారు.

ఈ కుక్కలు ఎక్కడి నుండి వస్తాయి?

మన పట్టణాలలో ఊరకుక్కలు అవిటివి కావడానికి ముఖ్య కారణం వాహనాలు. లారీ కిందో, మోటారు సైకిలు కిందో పడి కాలు నలిగితే ప్రాణం కాపాడడానికి కాలు తీసేయవలసి వస్తుంది. వెన్నెముక దెబ్బతింటే వెనుక కాళ్ళు పడిపోతాయి. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు నుండి బతికి బయటపడిన కుక్కలలో కొన్నింటికి జీవితాంతం కాలో తలో అదురుతూనే ఉంటుంది. ఈ జబ్బు మనుషులకు అంటదు. టీకా వేయిస్తే కుక్కలకూ రాకుండా ఆపవచ్చు.

ఇటువంటి వాటిని రక్షించే సంస్థలు మనకు లేకపోలేదు. చెన్నైలో 1959లో బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా మొదలైంది. హైదరాబాదులో 1992లో బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్, విశాఖపట్నంలో 1996లో విశాఖ జంతు సంరక్షణ సంఘం ఏర్పడ్డాయి. కాని ఆశ్రయంలో ఎన్నో కుక్కల మధ్య ఒక గుడ్డి కుక్క కోలుకోవడం కష్టం. అందువల్ల ఏదో ఒక కుటుంబం కొన్ని వారాలో నెలలో దానిని తన ఇంట ఉంచుకుంటుంది. ఆసుపత్రి నుండి వచ్చిన బాలింత పుట్టింట్లో తేరుకున్నట్లు, అది అక్కడ తేరుకుంటుంది. కుక్కరు కూతకు, గంట మోతకు, పిల్లల అల్లరికి అలవాటుపడుతుంది. దానికి ఏది భయమో, ఏది ఇష్టమో ఆ ఇంటివారికి తెలుస్తుంది. అందుచేత ఫోస్టర్ ఇంటి నుండి తెచ్చుకునేవారికి ఒక పెద్ద మేలు ఉన్నది. కుక్కతో పాటు దాని సంగతులన్నీ తెలిసిన మనిషి కూడా దొరుకుతుంది.

జాలి వేరు, బాధ్యత వేరు

ఇక్కడ కొంచెం తత్వశాస్త్రం అవసరం. జీవశక్తిని అరిస్టాటిల్ మూడు అంతస్తులుగా చెప్పాడు. మొక్కకు పెరిగే శక్తి మాత్రమే ఉన్నది. జంతువుకు దానితో పాటు ఇంద్రియ జ్ఞానం, కోరిక, జ్ఞాపకం ఉన్నాయి. మనిషికి ఈ రెంటితో పాటు బుద్ధి ఉన్నది. పునీత తోమాస్ అక్వినాస్ దీనిని అనుసరిస్తూ, గొర్రె తోడేలును చూడగానే అపాయమని గ్రహించి పారిపోయే శక్తిని ప్రత్యేకంగా పేర్కొన్నాడు. 17వ శతాబ్దంలో డేకార్ట్ జంతువు ఒక యంత్రం వంటిదని వాదించాడు. కుక్క తోక తొక్కిన ఏ పిల్లవాడైనా ఆ వాదాన్ని నమ్మడు. కుక్కకు నొప్పి ఉన్నది, భయం ఉన్నది, ఆప్యాయత ఉన్నది.

కాని మనిషికి కలిగే ఒక రకమైన దుఃఖం దానికి ఉన్నట్లు కనిపించదు. కాలు పోయిన మనిషి "నా బతుకు ఇలా అయిందే, రేపు నన్ను ఎవరు చూస్తారు?" అని కుమిలిపోతాడు. కాలు పోయిన కుక్క గాయం మానగానే మిగిలిన మూడింటితో పరుగెత్తడం నేర్చుకుంటుంది. దానిని చూసి మనం కార్చే కన్నీటిలో సగం మన ఊహే. కుక్క మన దగ్గర ఆశించేది కన్నీరు కాదు. వేళకు తిండి, వేళకు మందు, జారని నేల, అదే గొంతు, అదే మనిషి.

అందుకే జాలిని, బాధ్యతను వేరు చేసి చూడాలి. జాలి ఒక పూట ఉండేది. ఫోటో చూడగానే పుడుతుంది, ఇల్లంతా మూత్రం వాసన వచ్చిన మూడవ రోజున పోతుంది. బాధ్యత పదేళ్ళదీ పన్నెండేళ్ళదీ. జాలితో తెచ్చి, విసుగుతో వదిలేసిన కుక్క రెండుసార్లు దిక్కులేనిదవుతుంది. అలా వదిలివేయడం చట్టరీత్యా కూడా నేరమే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, ఆకలికో దాహానికో గురయ్యే స్థితిలో జంతువును కారణం లేకుండా వదిలేయడాన్ని క్రూరత్వంగా లెక్కించింది. వీధికుక్కల గురించి సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వు కూడా, దత్తత తీసుకున్నవారు ఆ కుక్క మళ్ళీ వీధికి చేరకుండా చూసుకోవాలని చెప్పింది.

ఏ లోపానికి ఎటువంటి సేవ?

మూడు కాళ్ళ కుక్క: లోపాలన్నిటిలో తేలిక ఇదే. దానికి శత్రువు నున్నటి టైల్స్ నేల. నడిచే దారిలో గోనెపట్టాలో చాపలో పరచండి. గోళ్ళు పెరగనివ్వకండి. బరువు పెరిగితే మిగిలిన కాళ్ళ కీళ్ళు అరిగిపోతాయి; ముద్దుచేసి ఎక్కువ పెట్టడం దానికి మేలు కాదు.

గుడ్డి కుక్క: అది వాసనతో, జ్ఞాపకంతో ఇల్లంతా పటం గీసుకుంటుంది. మంచం, బల్ల, నీళ్ళ గిన్నె మాటిమాటికి జరపకండి. ముట్టుకొనే ముందు పేరు పెట్టి పిలవండి. మెట్లకు, బావికి అడ్డు పెట్టండి.

చెవిటి కుక్క: చేతి సైగలు నేర్పవచ్చు. నిద్రపోతుంటే మీద చెయ్యి వేయకుండా, దగ్గరగా నేలమీద కాలితో తట్టండి. ఆ అదురు దానికి తెలుస్తుంది. రోడ్డు మీద ఎన్నడూ గొలుసు విప్పరాదు. వెనుక నుండి వచ్చే వాహనం దానికి వినిపించదు.

మూర్ఛ గల కుక్క: డాక్టరు రాసిన మాత్ర రోజూ అదే వేళకు పడాలి. "బాగానే ఉంది కదా" అని ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. ఫినోబార్బిటాల్ వంటి మందు వాడేటప్పుడు అప్పుడప్పుడు రక్తపరీక్ష అవసరం. మూర్ఛ వచ్చినప్పుడు నోట్లో చెయ్యి పెట్టవద్దు, తాళం చెవులు పెట్టవద్దు. చుట్టూ ఉన్న వస్తువులు తీసి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాలి.

వెనుక కాళ్ళు పడిపోయిన కుక్క: ఇది అన్నిటికంటే కష్టమైన సేవ. చాలావాటికి మూత్రం దానంతట అది రాదు. రోజుకు మూడు నాలుగుసార్లు పొట్ట మెల్లగా నొక్కి తీయించాలి. ఆ పద్ధతిని డాక్టరు దగ్గర చేతితో చేసి నేర్చుకోవాలి. ఒకే పక్క పడుకోనిస్తే పుండ్లు పడతాయి. చక్రాల బండి కట్టవచ్చు గాని, రోజంతా దానిలో ఉంచరాదు. ఇంట్లో పగలంతా ఎవరూ ఉండని కుటుంబం దీనిని తెచ్చుకోకపోవడమే మంచిది.

తిండి సంగతి అన్నిటికీ ఒకటే. మన ఇళ్ళలో మిగిలిన కూర కలిపి పెట్టడం అలవాటు. కాని మన ప్రతి కూరలోనూ ఉల్లిపాయ, వెల్లుల్లి ఉంటాయి. అవి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా విషమే. ఉడికిన కోడి ఎముకలు విరిగి పేగులకు గుచ్చుకుంటాయి. ఉప్పుకారం లేకుండా ఉడికించిన అన్నం, మాంసం, గుడ్డు పెట్టవచ్చు; పాళ్ళు డాక్టరును అడగండి. మనుషులు వేసుకొనే నొప్పి మాత్ర ఎన్నడూ వేయవద్దు.

చూడబోయినప్పుడు

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి ఆర్.టి.సి. కండక్టరు, తల్లి బడిపంతులమ్మ, ఇంట్లో నాయనమ్మ, ఇద్దరు పిల్లలు. ఒక చూపు లేని కుక్కను చూడడానికి ఫోస్టర్ ఇంటికి వెళ్ళారు. తల్లి అడిగింది: "అక్కా, ఇది కరుస్తుందా?" ఆ ఇంటావిడ ఇలా చెప్పింది: "కరవదని మాట ఇవ్వలేను చెల్లెమ్మా. నిద్రలో ముట్టుకుంటే ఉలిక్కిపడి మూతి తిప్పుతుంది. అన్నం తినేటప్పుడు మా పిల్లల్ని కూడా దగ్గరికి పోనివ్వను. మిగతా వేళల్లో ఒడిలో నుంచి దిగదు."

ఇటువంటి జవాబు చెప్పేవారి దగ్గర నుండి తెచ్చుకోండి. "ఏ ఇబ్బందీ ఉండదు, తీసుకుపోండి" అనేవారి దగ్గర మరి కొన్ని ప్రశ్నలు అడగండి. టీకాలు ఎప్పుడు వేశారు? సంతాన నిరోధక ఆపరేషన్ అయిందా? వైద్యం కాగితాలు ఉన్నాయా? రోజూ ఏ మందు, ఎంత ఖర్చు? రాత్రి ఎక్కడ పడుకుంటుంది? ఒంటరిగా ఎంతసేపు ఉండగలదు? మాతో కుదరకపోతే మీరు తిరిగి తీసుకుంటారా? ఒక్కసారి చూసి తెచ్చుకోవద్దు. రెండు మూడుసార్లు వెళ్ళండి; ఒకసారి నాయనమ్మను కూడా తీసుకువెళ్ళండి. పగలంతా దానితో ఉండబోయేది ఆమె కదా! ఆమెకు ఇష్టం లేకుండా తెచ్చే కుక్క ఆమె నెత్తిన పెట్టే బరువవుతుంది.

ఇంటికి వచ్చాక ఓపిక పట్టండి. కుక్కలను సాకేవారు ఒక లెక్క చెబుతారు: మొదటి మూడు రోజులు బెదురు, మూడు వారాలకు అలవాటు, మూడు నెలలకు ఇల్లు తనదనే నమ్మకం. అన్ని కుక్కలకూ ఇది సరిగ్గా సరిపోదు గాని, తొందరపడకుండా ఉండడానికి పనికి వస్తుంది. ఆ మొదటి రోజుల్లో చుట్టాలను పిలిచి చూపించకండి. ఫోస్టర్ ఇంట వాడిన పాత దుప్పటి ఒకటి అడిగి తెచ్చుకోండి. ఆ వాసన దానికి ధైర్యం.

పిల్లల క్షేమం ముందు

దయ పేరుతో అజాగ్రత్త తగదు. రేబీస్ లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కాని సకాలంలో టీకా వేస్తే ఆపగలిగిన వ్యాధి అది. 1885 జూలై 6న లూయీ పాస్టర్ కుక్క కరచిన తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కు టీకా వేయించి ఈ దారి తెరిచాడు. ఇంటి కుక్కకు డాక్టరు చెప్పిన ప్రకారం రేబీస్ టీకా తప్పక వేయించండి. ఏ కుక్క కరచినా, గీరినా, ఆ చోటును పదిహేను నిమిషాల పాటు ధారగా పడే నీటితో, సబ్బుతో కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. పసుపు, కారం, సున్నం పూయవద్దు. మంత్రాలతో, నాటు మందులతో రోజులు గడపవద్దు. చిన్నపిల్లలను, కుక్కను పెద్దవారు లేకుండా ఒకే గదిలో విడిచిపెట్టవద్దు.

ఖర్చు, మనస్సాక్షి

ఇప్పుడు మొదటి ఆక్షేపణకు వద్దాం. మనుషులకు లేనిది కుక్కకు ఎందుకు? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనిని నవ్వి తోసేయరాదు. ఒక నోటుపుస్తకంలో నెల ఖర్చు రాయండి: తిండి, మందు, డాక్టరు, ఆపదకు దాచవలసినది. ఆ మొత్తం ఎక్కడి నుండి వస్తుందో పక్కనే రాయండి. పిల్లల ఫీజు నుండి, నాయనమ్మ బి.పి. మాత్రల నుండి, పేదలకు మీరు ఇచ్చే భాగం నుండి రావలసివస్తే, ఆ కుక్క మీ ఇంటికి రావలసినది కాదు. సినిమాల నుండి, హోటలు నుండి, పుట్టినరోజు ఆర్భాటం నుండి వస్తే, మీ మనస్సాక్షి నిశ్చింతగా ఉండవచ్చు.

మరొక హెచ్చరిక. వైకల్యం గల మనిషిని వైకల్యం గల కుక్కతో ఎన్నడూ పోల్చరాదు. మనిషి దేవుని రూపంలో సృజింపబడినవాడు. కాని కుక్క దగ్గర నేర్చిన ఓర్పు మనుషుల దగ్గర పనికి రావాలి. క్రూరత్వం జంతువుల మీద మొదలై మనుషుల మీదికి పాకుతుందని అక్వినాస్ హెచ్చరించాడు. దయకూ అదే దారి తెరిచి ఉన్నది. మూడు కాళ్ళ కుక్కను ఒడిలో కూర్చోబెట్టుకొని, పక్కింట్లో చక్రాల కుర్చీలో ఉన్న బిడ్డను పండుగకు పిలవని కుటుంబం సగం పాఠమే నేర్చింది. "పనికిరానిది" అనే మాట మన ఇంటి నుండి పోవాలి. కుక్క విషయంలో ఆ మాట మానుకున్న పిల్లవాడు, మంచాన పడిన తాత విషయంలోనూ దానిని వాడడానికి సిగ్గుపడతాడు. ఇంత పెద్ద పాఠం పుస్తకంలో చదివితే రాదు; రోజూ ఒక జీవికి మందు వేసి, నేల తుడిస్తే వస్తుంది.

అన్నీ లెక్కచూసి "మావల్ల కాదు" అని నిర్ణయిస్తే అది పాపం కాదు, వివేకం. వేరే మార్గాలున్నాయి. కొన్ని వారాల పాటు మీరే ఫోస్టర్ ఇల్లుగా ఉండవచ్చు. అటువంటి ఇంటికి మందుల ఖర్చులో సాయం చేయవచ్చు. మీ వీధి కుక్కలకు ఆపరేషన్, టీకా వేయించమని మునిసిపాలిటీకి అర్జీ పెట్టవచ్చు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం అది స్థానిక సంస్థల బాధ్యత. ఎండాకాలంలో గోడ పక్కన ఒక కుండెడు నీళ్ళు పెట్టడం ఎవరికైనా సాధ్యమే.

కుటుంబంలో చర్చించుకొనండి

1. మన ఇంట్లో పగలు ఎవరుంటారు? కుక్క సేవలో ఎవరి పని ఏది? ఆ పని చేయవలసినవారు ఒప్పుకున్నారా?

2. నెల ఖర్చు ఎంత? అది దేని నుండి వస్తుంది?

3. పిల్లల చదువుకో ఉద్యోగానికో ఊరు మారితే కుక్కను ఎవరు చూస్తారు?

4. ఈ కుక్క వచ్చాక, మన వీధిలో వయసు మళ్ళినవారికి, వైకల్యం గలవారికి మనం ఇంకా దగ్గరవుతామా, దూరమవుతామా?

ఈ నాలుగు ప్రశ్నలకు కుటుంబమంతా కూర్చొని, సాయంకాల ప్రార్థన తరువాత నెమ్మదిగా జవాబు వెదకండి. నాలుగింటికీ మంచి జవాబు దొరికితే వెళ్ళి తెచ్చుకోండి. ఆ కుక్క వచ్చిన మొదటి రాత్రి మూల నక్కి కూర్చుంటే నొచ్చుకోకండి. తన నీళ్ళ గిన్నె పెట్టినచోటే ఉన్నదా అని అది రేపు వెదుక్కుంటుంది, ఎల్లుండి కూడా వెదుక్కుంటుంది. గిన్నె అక్కడే ఉండేలా చూడండి.